ఐతేపల్లి దాకా

మిట్టూరు సందులో మా షాపుకి బోర్డు లేదు.
ఊళ్ళో సగం బోర్డులు మావే.

వెనక గదిలో పసుపు బల్బు ఒకటి,
గోనెపట్టా కొట్టిన కిటికీ.
అక్కడ ఆరుతుంటాయి చట్రాలు
పచ్చటి ఎమల్షన్ పూసుకుని,
గోడకు మొహం తిప్పుకుని,
ఇంకా ఏ మాటా నేర్వకుండా.

చెంగల్రాయులు మామ చేతికి వాచీ ఎప్పుడూ లేదు.
పెళ్ళికి ముందు ప్రైవేటు బస్సులో క్లీనరు.
ఆ బస్సు పోయింది, రూటు పోలేదు.
మిద్దె మీద స్పాంజి పరిచి, నల్లగుడ్డ పరిచి,
చట్రం, దాని మీద పాజిటివ్, ఆ పైన గాజుపలక పెట్టి
మూసిన అట్టను ఒక్క లాగు లాగితే
బండి కదిలేది:

చిత్తూరు, చిత్తూరు, ఎక్కేవాళ్ళు ఎక్కండి.
రెడ్డిగుంట. దిగేవాళ్ళు దిగండి.
పూతలపట్టు.
కాశిపెంట్ల.
ఐతేపల్లి.
చంద్రగిరి, కోట కాడ, కోట కాడ.

ప్రతి ఊరికీ అంతే ఊపిరి, అంతే కేక.
"నడివేసవిలో పూతలపట్టులోనే దిగిపోవాల.
మోడం పట్టిందా, చంద్రగిరి.
మంచు కాలం పొద్దున అయితే
తిరుపతి బస్టాండు దాకా పోయి
ఒక టీ తాగి రావాల."

నాకు నవ్వొచ్చేది.
డిప్లొమా చదివినదాన్ని, నోటుబుక్కు పెట్టాను:
తేదీ, మెష్ నంబరు, నిమిషాలు, సెకండ్లు.
ఆ నోటుబుక్కుతోనే చెడగొట్టాను
బెల్లం మండీ గోతాల పని.
ఎండ చాల్లేదు. నీళ్ళు కొట్టగానే
సున్న నడుమ నిలవాల్సిన చిన్న ముక్క
జారి కాలవలో పడిపోయింది.
మూడొందల గోతాల మీద
'బెల్లం' చివర నల్లటి చుక్క,
ఈగ వాలినట్టు.

మామ తిట్టలేదు.
పాత చట్రానికి మళ్ళీ పూత పూయించాడు.
వరసగా ఆరు సున్నలున్న పాజిటివ్ పెట్టి
అట్టను కొంచెం కొంచెం జరుపుతూ
ఒక్కో ఊళ్ళో ఒక్కో సున్నను దింపాడు.
కడిగి, వెలుగుకి ఎత్తి పట్టుకుంటే
మొదటి మూడింటికీ కడుపు లేదు.
చివరిదానికి ఒళ్ళే లేదు, సన్నగీత మూసుకుపోయింది.
"చూసినావా,
తక్కువ కాలితే సున్న పోతుంది,
ఎక్కువ కాలితే తలకట్టు పోతుంది.
ఎండ తాకిన చోటు గట్టిపడేది గోడ.
ఎండ తాకని చోటే అచ్చరం."

తర్వాత ట్యూబులైట్ల పెట్టె కొన్నాం,
అలారం ఉండేది. బస్సు షెడ్డుకి పోయింది.

పోయిన నెల మామ కంటి పొర తీయించుకున్నాడు.
నల్లద్దాలు పెట్టుకుని పసుపు బల్బు కింద కూర్చుంటాడు,
చట్రాల మధ్య ఇంకో చట్రంలాగా.
నేనలా అంటే
"నన్ను కడగబాక, ఇంకా ఆరలేదు" అన్నాడు.

ఇయ్యాళ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అట్టపెట్టెల పని.
సాయంత్రానికి లారీ.
కరెంటు పొద్దుటినుంచీ లేదు.
చట్రాన్ని నల్లగుడ్డలో చుట్టి
చంటిబిడ్డలా మిద్దెకెక్కించాను.
మామ తడుముకుంటూ వచ్చి మెట్ల మలుపులో కూర్చున్నాడు.

"ఎండ ఎట్లుండాది పాపా?"
"నీడకు అంచుండాది మామా. మెత్తగా ఉండాది."
కాసేపు ఆలోచించి
"ఐతేపల్లి" అన్నాడు.

అట్ట లాగాను. బండి కదిలింది.
గొంతెత్తి ఊళ్ళు పిలవడం నాకిదే మొదలు.
పక్క మిద్దె మీద వడియాలు పెడుతున్న మునిలక్ష్మక్క
తలెత్తి చూసి, చెయ్యి ఆపలేదు.

ఈసారి ఎమల్షన్ చెన్నై నుంచి వచ్చిన కొత్త డబ్బా.
దానిది తొందర గుణం,
నిన్న చిన్న ముక్క మీద చూశాను. మామకు చెప్పలేదు.
కాశిపెంట్లలో అట్ట మూసేశాను.

మెట్ల మీద
మామ పెదాలు ఇంకా కదులుతున్నాయి.

మూసిన చట్రం పక్కన,
కుళాయి మీద చెయ్యి పెట్టి,
తిప్పకుండా నిలబడ్డాను.

"అందరూ దిగినారా?"
"దిగినారు మామా"